గడ్డం తొండ కింద ఏం పరచాలి?

గాజు పెట్టెలో ఇసుక పోసినంత మాత్రాన ఎడారి అయిపోదు. బియర్డెడ్ డ్రాగన్‌ను పెంచే ఇళ్లలో మొదటి తగాదా ఎప్పుడూ నేల దగ్గరే మొదలవుతుంది.

“మామయ్యా, భీముడు వారం నుంచి పాటీకి వెళ్లట్లేదు.”

కిందటి చలికాలం టెక్సస్‌లోని మా చెల్లెలి ఇంట్లో దిగిన మర్నాడు, తెల్లారీ తెల్లారకముందే మంచం పక్కన నిలబడి మా మేనల్లుడు చెప్పిన మాట ఇది. ప్రయాణపు మత్తులో ఉన్న నాకు భీముడెవరో వెంటనే తట్టలేదు. పన్నెండేళ్ల కుర్రాడు చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్లి ఒక గాజు పెట్టె ముందు కూర్చోబెట్టాడు. లోపల నారింజ రంగు ఇసుక, ప్లాస్టిక్ బ్రహ్మజెముడు, ఓ మూలన ఎండుకొమ్మ. కొమ్మ కింద మూరెడు పొడవున, ఒళ్లంతా ముళ్లలాంటి పొలుసులతో, కళ్లు సగం మూసుకుని ఒక తొండ.

తొండ అనే అంటాను. మన కంచెల మీద తల ఊపుతూ కూర్చునే తొండా, ఈ బియర్డెడ్ డ్రాగనూ ఒకే కుటుంబం. శాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని అగామిడే అంటారు. మనది కలోటెస్ వెర్సికలర్, వాళ్లది పొగోనా విట్టిసెప్స్. జత కట్టే రోజుల్లో మనదానికి గొంతు ఎర్రబడితే, దానికి కోపమొచ్చినప్పుడు గడ్డం కింది చర్మం ఉబ్బి నల్లబడుతుంది. గడ్డం అన్న పేరు అలా వచ్చిందే. తల ఊపడం మాత్రం ఇద్దరిదీ ఒకటే తీరు. తెనాలి నుంచి వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ ఈ బంధుత్వాన్ని ఏ పుస్తకం చదవకుండానే కనిపెట్టింది. “అంత డబ్బు పోసి తొండను కొన్నారుటే?” అని మా చెల్లెలిని అడిగింది.

దీని సొంతూరు ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతం. క్వీన్స్‌లాండ్ పడమటి వైపు నుంచి న్యూ సౌత్ వేల్స్ మీదుగా సౌత్ ఆస్ట్రేలియా దాకా పరుచుకున్న మెట్ట నేలలు. ఎర్న్‌స్ట్ ఆల్ అనే జర్మన్ జంతు శాస్త్రజ్ఞుడు 1926లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. తమ వన్యప్రాణులను వ్యాపారానికి బయటికి పంపడాన్ని ఆస్ట్రేలియా 1960ల నాటికే ఆపేసింది. అయినా అంతకు ముందూ ఆ తర్వాతా ఏదో దారిన సరిహద్దు దాటిన కొన్నిటి సంతానమే ఇవాళ అమెరికా, యూరప్ ఇళ్లలో దీపాల కింద ఎండ కాచుకుంటోంది. పగలు మెలకువగా ఉంటుంది, మనిషి చేతికి తేలిగ్గా అలవాటు పడుతుంది, చాలా అరుదుగా తప్ప కరవదు. కుక్కను కొనిపెట్టమని మారాం చేసే పిల్లలతో తల్లిదండ్రులు కుదుర్చుకునే రాజీ చాలాచోట్ల ఇదే. మా చెల్లెలింట్లోనూ అంతే.

సుద్దముక్కల ఎడారి

పెట్టె, దీపం, కొమ్మ, ఇసుక సంచీ, అన్నీ కలిపి ఒక కిట్‌గా కొన్నారు. దుకాణం పేరెందుకులెండి, అలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. సంచీ మీద ఎడారి సూర్యాస్తమయం బొమ్మ, పక్కన ‘కాల్షియం ఇసుక, తిన్నా అరుగుతుంది’ అన్న భరోసా. తిన్నా ఫరవాలేదని చెప్పాల్సి వచ్చిందంటే తింటుందన్న సంగతి అమ్మేవాడికి తెలుసన్నమాట. ఈ మాట నేను పైకి అనలేదు. చెల్లెలి మొహం చూసి ఊరుకున్నాను.

ఈ కాల్షియం ఇసుక అంటే రంగు వేసిన కాల్షియం కార్బొనేట్. సుద్దరాయి, కడుపులో మంటకు చప్పరించే మాత్ర, ఈ ఇసుక, మూడింటి మూల పదార్థం ఒకటే. చిటికెడు అయితే నిజంగానే అరుగుతుంది. గుప్పెడు మింగితే ఆ మాత్ర చేసే పనే చేస్తుంది. కడుపులో ఆమ్లాన్ని చంపేస్తుంది. ఆమ్లం లేకపోతే తిన్న పురుగు అరగదు. తడి తగిలిన పొడి పేగులో ముద్ద కడుతుంది. పైగా కాల్షియం తక్కువైన జంతువు కాల్షియాన్ని వెతుక్కుంటుంది. నాలుకకు ఆ రుచి తగిలితే కావాలనే నాకుతుంది. మామూలు ఇసుకను పొరపాటున మింగే తొండ దీన్ని ఇష్టంగా తింటుందన్నమాట.

పొరపాటున మింగడమైనా ఎందుకు జరుగుతుందో భీముడి భోజనం చూస్తే తెలుస్తుంది. దీని నాలుక పొట్టి, లావు, జిగురు. పురుగును నాలుకకు అంటించుకుని లోపలికి లాక్కుంటుంది. పురుగుతో పాటు దాని కింద ఏముంటే అదీ వస్తుంది. కొత్త చోట తిరుగుతున్నప్పుడు అడుగడుగునా నేలను నాలుకతో తాకి చూస్తుంది. మనం చేత్తో తడిమి తెలుసుకునేదాన్ని అది నాలుకతో తెలుసుకుంటుంది. తడి ఆకుకూర నేల మీద వేస్తే ఇక చెప్పక్కర్లేదు, చక్కెరలో దొర్లించిన అరిసెలా ఇసుక పట్టుకుని నోట్లోకి పోతుంది.

డాక్టరమ్మ ఇసుక గురించి అడగలేదు

ఆ మధ్యాహ్నమే సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో పొట్ట దిగువన తెల్లటి మచ్చ, మబ్బు ముక్కలా. ఖనిజం కాబట్టి ఇసుక ఎముకలాగే తెల్లగా కనబడుతుంది. దొంగ దొరికాడనుకున్నాం. బావగారైతే ఫోన్లో ఆ దుకాణానికి రాయాల్సిన ఫిర్యాదు కూడా మొదలుపెట్టేశారు.

ఆవిడ మాత్రం ఇసుక ఊసెత్తకుండా మూడు ప్రశ్నలు వేసింది. యూవీ ట్యూబు కొని ఎన్నాళ్లయింది? అది గాజు మూతకు పైన ఉందా, కింద ఉందా? దీపం కింద అది కూర్చునే చోట వేడి ఎంత?

ట్యూబు కొని ఏడాదిన్నర. మూతకు పైన, గాజు మీద. వేడి ఎంతో తెలీదు, పెట్టె గోడకు అంటించిన గుండ్రటి థర్మామీటరు మాత్రం ఎప్పుడూ ‘బాగుంది’ అనే చూపించేది.

దీపం కింద చీకటి అంటామే, అచ్చంగా అదే జరిగింది. యూవీబీ కిరణాలు మామూలు గాజును దాటి రాలేవు. ట్యూబు వెలుగుతున్నట్టే కనిపిస్తున్నా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు అందులో యూవీబీ సన్నగిల్లిపోతుంది. ఆ కిరణాలు లేకపోతే చర్మంలో డి3 విటమిన్ తయారు కాదు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. కాల్షియం పని ఎముకలతో అయిపోదు. పేగు కండరాలు ముడుచుకుని, సాగి, ఆహారాన్ని ముందుకు నెట్టడానికి కూడా అది కావాలి. వేడి సంగతీ అంతే. దీని ఒంట్లో సొంత పొయ్యి లేదు, బయటి వేడితోనే అరగాలి. ఎండ కాచుకునే చోట నేల 38 నుంచి 42 డిగ్రీల దాకా ఉండాలి. మేము తర్వాత ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిస్తే భీముడి కొమ్మ దగ్గర 31 ఉంది. గోడకు అంటించిన థర్మామీటరు చెప్పేది గాలి సంగతి, పొట్ట కింద నేల సంగతి దానికేం తెలుసు?

వేడీ కాల్షియమూ తగినంత ఉన్న పెద్ద తొండ నాలుగు ఇసుక రేణువులు మింగితే మర్నాడు బయటికి పంపేస్తుంది. ఆస్ట్రేలియాలో దాని అన్నదమ్ములు రోజూ చేసే పనే అది. పేగు నీరసించిన తొండకు అవే నాలుగు రేణువులు అడ్డుకట్ట. కాబట్టి ఇసుక విషమని ఒక వర్గం, ప్రకృతి సహజమని మరో వర్గం ఏళ్ల తరబడి వేసుకుంటున్న కేకల్లో ఇద్దరూ పైన వేలాడే దీపాన్ని వదిలేసి నేల మీద పోట్లాడుతున్నారని నా అభిప్రాయం. ఇసుకకు శిక్ష వెయ్యొద్దనను. ఒంటరిగా దాన్నే ఉరి తీయొద్దంటాను.

భీముడికి కత్తి పెట్టకుండానే గండం గడిచింది. ఒంట్లోకి ద్రవాలు ఎక్కించడం, గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టడం, డాక్టరమ్మ చూపించినట్టు పొట్టను మెల్లగా నిమరడం, కొత్త ట్యూబు. అయిదో రోజు మేనల్లుడు బడికి పోతూ పోతూ మేడ మీద నుంచి “పాటీ! పాటీ!” అని అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలీదు. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా పోదు. పొట్ట గట్టిపడి, వెనక కాళ్లు ఈడుస్తూ, తిండి మానేసిందంటే ఇంటివైద్యాలతో కాలయాపన చెయ్యకూడదు. పేగు కోసి తీయాల్సిన కేసులూ ఉంటాయని ఆవిడ చెప్పింది.

ముందు కాగితం

కోలుకునేదాకా కింద ఏం వెయ్యాలంటే డాక్టరమ్మ చెప్పిన జవాబు ఒకటే. కాగితం. పేపర్ టవల్ అయినా సరే, పాత న్యూస్‌పేపర్ అయినా సరే. అందంగా ఉండదు. ఫొటో తీస్తే తొండ జైల్లో ఉన్నట్టుంటుంది. కానీ మింగేందుకు ఏమీ ఉండదు, మలం ఎప్పుడు వచ్చింది, ఏ రంగులో వచ్చింది కళ్లకు కడుతుంది, మడిచి పారేస్తే శుభ్రం. పిల్ల తొండకు, జబ్బు తొండకు, కొత్తగా ఇంటికొచ్చి ఇంకా అంతు చిక్కని తొండకు దీన్ని మించింది లేదు. పిల్లల పేగు సన్నం, ఆత్రం ఎక్కువ, గురి తక్కువ. కనీసం అరడజను నెలలు, ఓపిక ఉంటే ఏడాది, కాగితం మీదే పెంచమంటాను. పెంచడం కొత్త అయిన మనిషికీ ఆ ఏడాది అవసరమే.

దుకాణంలో మిగతావి కొన్ని చూస్తే భయం వేసింది. పొడి చేసిన అక్రోటు పెంకులు అంచులు పదునుగా ఉండి పేగును గీరతాయి. మొక్కజొన్న బెండ్ల ముక్కలు తడి తగిలితే ఉబ్బుతాయి, బూజు పడతాయి. దేవదారు, పైన్ కలప పొట్టులో ఆ కమ్మటి వాసన ఇచ్చే నూనెలే ఊపిరితిత్తులకు చేటు. ఆకుపచ్చ పచ్చికలా ఉండే రెప్టైల్ కార్పెట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాని పోగుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. ఊడిన దారం వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడక ఆ వేలే ఊడిపోతుంది. ఎంత ఉతికినా పోగుల సందుల్లో మురికి మిగులుతుంది. కొబ్బరి పొట్టు ఇటుకలు కూడా కనబడ్డాయి, కోనసీమ గుర్తొచ్చి ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నాను. తేమ కావాల్సిన వానాడవి జీవులకు అది బ్రహ్మాండం. ఒట్టిదే పోస్తే మన మెట్టతొండకు మాత్రం తడిగా ఉంటే చెమ్మ, ఎండితే కళ్లలో ముక్కులో దుమ్ము.

ఎనిమిది బండలు

భీముడు కోలుకున్నాక పెట్టె మార్చారు. పాతది మూడడుగులు, కొత్తది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అడుగు చదరపు టైల్స్ సరిగ్గా ఎనిమిది పడతాయి. బావగారూ నేనూ ఇంటి సామాన్లమ్మే పెద్ద దుకాణానికి వెళ్లి బాత్‌రూమ్ కట్టుకునేవాళ్లలా గంటసేపు టైల్స్ మీద వేళ్లు రాసి చూశాం. నున్నగా మెరిసేవి వద్దు, వాటి మీద తొండ కాళ్లు జారతాయి, జారుతూ జారుతూ నడిస్తే కీళ్లకు ముప్పు. గరుకు పలక కావాలి. ఆ గరుకుకే గోళ్లు అరిగి కొస తెగుతాయి, వేరే కత్తిరించే పని తగ్గుతుంది. రాయి వేడి పట్టి నిలుపుకుంటుంది కాబట్టి దీపం కింద పొట్ట ఆనించి పడుకుంటే కింద నుంచీ వెచ్చదనం అందుతుంది. అయితే కరెంటుతో కాగే ‘హీట్ రాక్’ అని వేరే వస్తువొకటుంది, దాని జోలికి పోకండి. ఈ జంతువుకు వేడి పైనుంచి వస్తుందని తెలుసు. కింద పొట్ట కాలుతున్నా లేవాలని తోచక ఒళ్లు కాల్చుకుంటుంది.

టైల్స్‌ను సిమెంటుతో అతికించేయకూడదు, ఎత్తి కడగాలి. అలాగని సందులు వదిలితే తిండికి వేసిన కీచురాళ్లు కిందికి దూరి రాత్రి బయటికొచ్చి నిద్రపోతున్న తొండను కొరుకుతాయి. మేము సందుల్లో మెత్తటి మట్టి దట్టించాం.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో పెంచేవాళ్లకైతే ఇంకా తేలిక. తాండూరు బండో కడప బండో కోయించుకుంటే చాలు, నున్నగా పాలిష్ పట్టించొద్దు. నల్లటి కడప బండ తొందరగా వేడెక్కుతుంది. రెండూ సున్నపురాయి జాతివే కాబట్టి వెనిగర్‌తో కడిగితే రాయి పొక్కుతుంది, సబ్బునీళ్లు చాలు. ఈ జీవికి గాల్లో తేమ 30 నుంచి 40 శాతం ఉంటే సుఖం. శ్రావణ మాసంలో మన కోస్తా గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. అక్కడ మట్టి నేల వేస్తే వారంలో బూజు. బండే మేలు.

కడగడం అన్నాను కాబట్టి అసలు సంగతీ చెప్పాలి. ఆరోగ్యంగా కనిపించే బియర్డెడ్ డ్రాగన్ మలంలోనూ సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. 2012 నుంచి 2014 మధ్య అమెరికాలో సాల్మొనెల్లా కోథమ్ అనే అరుదైన రకం నూట అరవై మందికి పైగా సోకితే, ఆరా తీసిన అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇళ్లలోని ఈ తొండల దాకా వెళ్లింది. రోగుల్లో చంటిపిల్లలే ఎక్కువ. అందుకని టైల్స్, నీళ్ల గిన్నె, కొమ్మ, ఏదీ వంటింటి సింకులో కడగకూడదు. మా చెల్లెలు గరాజ్‌లో దీనికోసం వేరే బకెట్టు, వేరే బ్రష్షు పెట్టింది. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడగాల్సిందే. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఈ జంతువు వద్దన్నదే నా మాట, ఎవరికి కోపమొచ్చినా సరే.

ఎడారంటే ఇసుక దిబ్బ కాదు

టైల్స్‌తో కథ ముగిసేదే. కానీ మేనల్లుడికి తృప్తి లేదు. “మామయ్యా, ఆస్ట్రేలియాలో టైల్స్ ఉండవు కదా?” అన్నాడు. నిజమే.

మనకు ఎడారి అనగానే సినిమాల్లో చూసిన రాజస్థాన్ ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి. వీటి ఊళ్లో ఇసుక లేకపోలేదు. కానీ ఎక్కువగా కనబడేది ఎండకు గట్టిపడిన ఎర్రమట్టి, రాళ్లు, ఎండాకులు, పొదలు, కంచె గుంజలు. అనంతపురం వేసవిలో చెలకలు ఎలా ఉంటాయో తలుచుకుంటే కొంత పోలిక దొరుకుతుంది. ఎర్ర నేలల్లో పుట్టినవి ఎర్రగా, బూడిద నేలల్లోవి బూడిదగా ఉంటాయి. ఎండ ముదిరితే నీడ పట్టున మట్టి తవ్వుకుని దూరతాయి, చలికాలం రాగానే తిండి మాని నేలలో దాక్కుని మగతగా పడి ఉంటాయి. పట్టు దొరకని సన్నటి ఇసుకలో బొరియ నిలవదు. తవ్వగలిగిన గట్టి మట్టి కావాలి.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద తొండకు అలాంటి నేల ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. ఎరువు కలపని తోటమట్టి మూడు పాళ్లు, కడిగిన ఇసుక రెండు పాళ్లు. తడిపి పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలవాలి. నాలుగంగుళాల మందాన పరిచి, అదిమి, దీపాలు వెలిగించి కొన్ని రోజులు ఆరనివ్వాలి. ఆరాక కాలు పెడితే దుమ్ము లేవకూడదు. ఇదంతా వినడానికి బాగుంది గానీ లెక్క వేస్తే నాలుగడుగుల పెట్టెలో ఆ మట్టి బరువు దాదాపు వంద కిలోలు. పిల్లవాడి చదువుకునే బల్ల మీద పెట్టే సరుకు కాదది. మట్టి వేసినా తిండి గిన్నెలోనే పెట్టాలి. మలాన్ని ఏరోజుకారోజు తీయాలి. రాళ్ల కింద బతికే ఐసోపాడ్‌ల లాంటి చిన్న పురుగులను మట్టిలో వదిలి వాటి చేత శుభ్రం చేయించేవాళ్లూ ఉన్నారు. మొదటి తొండతో అంత దూరం పోవద్దు.

మా వాళ్లు మధ్యేమార్గం పట్టారు. టైల్స్ అలాగే ఉంచి, చల్లటి మూలన ఒక వెడల్పాటి టబ్బులో ఈ మట్టి నింపారు. తవ్వాలనిపిస్తే తవ్వుకోనీ అని.

తవ్వడం మొదలైంది నేను తిరిగొచ్చిన రెండు నెలలకు. భీముడు తిండి మానేశాడు. టబ్బులోకి దిగడం, గీరడం, మళ్లీ ఎక్కడం, గాజు గోడను రాత్రీ పగలూ గోకడం. మళ్లీ పేగు అడ్డం పడిందేమోనని హడలిపోయి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. ఈసారి ఎక్స్‌రేలో గుండ్రంగా, వరసగా, గుత్తులు గుత్తులుగా గుడ్లు. భీముడు ఆడది.

మగతోడు లేకపోయినా ఆడవి ఫలదీకరణ చెందని గుడ్లు పెడతాయి. తవ్వే చోటు నచ్చకపోతే పెట్టకుండా లోపలే బిగబట్టుకుంటాయి, అది ప్రాణం మీదికి తెస్తుంది. గట్టి టైల్స్ మాత్రమే ఉన్న పెట్టెలో పెరిగే ఆడ తొండకు పొంచి ఉండే ముప్పు ఇదే. పిల్ల తొండ ఆడో మగో కొనేవాళ్లకు తెలీదు, అమ్మేవాళ్లూ చాలాసార్లు సరిగ్గా చెప్పలేరు. అసలు ఈ జాతిలో ఆ లెక్కే కొంచెం తికమక. గుడ్లు పాతిన నేల 32 డిగ్రీలు దాటి వేడెక్కితే, పుట్టుకతో మగ క్రోమోజోములున్న పిల్లలు కూడా ఆడవిగా తయారవుతాయి. క్లేర్ హోలెలీ బృందం 2015లో ‘నేచర్’ పత్రికలో ఇది ఆస్ట్రేలియా అడవుల్లోనే జరుగుతోందని చూపించింది. తొండ ఆడా మగా అన్నదాన్ని కూడా నేలే నిర్ణయిస్తుందంటే నమ్మబుద్ధి కాదు.

టబ్బులో మట్టి లోతు చాలలేదని తేలింది. అడుగు లోతుండాలి, లోపల బొరియ కూలకుండా నిలిచేంత చెమ్మ ఉండాలి. బావగారు ఆఫీసు మానేసి పెద్ద ప్లాస్టిక్ పెట్టె కొనుక్కొచ్చి మట్టి కలిపారు. పైన దుప్పటి కప్పి, గదిలో లైటు తగ్గించి, అందరూ కింది అంతస్తులోకి వచ్చేశారు. సాయంత్రానికి బొరియ పూడ్చేసి, దాని మీద మట్టిని మూతితో అదిమి సర్ది మరీ బయటికొచ్చిందట. తవ్వి చూస్తే పందొమ్మిది గుడ్లు.

పేరు మార్చడానికి మేనల్లుడు ఒప్పుకోలేదు. తెనాలికి ఫోన్ కలిపి విషయం చెప్పారు. మా అమ్మ ఆశ్చర్యపోలేదు.

“పురిటి స్నానం చేయించారా?” అంది.

“చేయించా అమ్మమ్మా, గోరువెచ్చటి నీళ్లతో, నీళ్లు కూడా తాగింది” అన్నాడు వాడు. “బాత్‌టబ్బులో కాదులే, దాని తొట్టి దానికే ఉంది.”